పొందూరు చీర, నాన్న చేతక్, వాల్తేరు ఎత్తు

కిందటి మాఘమాసంలో భీమిలిలో మా బంధువుల ఇంట్లో పెళ్ళి. పొందూరు ఖద్దరు చీర, మోచేతుల దాకా చేతులున్న జాకెట్టు, ఎడమ చేతికి తాతయ్య వదిలి వెళ్ళిన హెచ్ఎంటీ గడియారం. ఫోనులో పిలిపించుకున్న కారు దిగి లోపలికి నడుస్తుంటే గుమ్మంలో పన్నీరు చల్లుతున్న మా అక్క కూతురు నన్ను ఎగాదిగా చూసి, "పిన్నీ, చీర ఎంత బాగుందో! కానీ నీకూ ఆ కారుకీ కుదరలేదు. నువ్వు వేరే దేనిలోంచో దిగాలి" అంది. ఇంటర్ చదువుతున్న పిల్ల. ఎగతాళి చేయలేదు, మనసుకు తోచింది చెప్పింది. "దేనిలోంచి దిగాలే?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "తాతయ్య చేతక్ ఉంది కదా" అంది. అంటే మా నాన్న బజాజ్ స్కూటరు.

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలలేదు. పదేళ్ళకు పైగా నేను పాతకాలపు కట్టులోనే ఉంటున్నాను. పండగకో ఫొటోకో కాదు, సోమవారం ఆఫీసుకూ అదే. అమ్మ చీరలు, మేనత్త చీరలు, ఎవరూ కట్టక బీరువాలో మడతల దగ్గర చిరుగుతున్న చీరలు తెచ్చి, చిరుగులకు రఫ్ఫు చేయించి కట్టుకుంటాను. గడియారానికి రోజూ పొద్దున్న కీ ఇస్తాను. వస్తువును బాగుచేసుకుంటూ చివరిదాకా వాడుకోవడం నాకు నచ్చుతుంది, అంతకు మించి సిద్ధాంతం ఏమీ లేదు. అయితే రోజుకు గంటకు పైగా గడిపే ప్రయాణం గురించి మాత్రం ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. కట్టుబట్టకు ఉన్న పట్టింపు బండికి ఎందుకు లేదు? పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్నే.

మూడు నెలల చేతక్

నాన్న ఆ చేతక్‌ను 1987లో కొన్నారు. కొన్నారు అనడం కంటే దక్కించుకున్నారు అనాలి. ముందుగా డబ్బు కట్టి నాలుగేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన బండి. లేత నీలం రంగు. మా అక్కా నేనూ ఇద్దరం దాని ముందు నిలబడే ఎదిగాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వేపకొమ్మ విరిగి మీద పడి, పక్క రేకు లోపలికి చొట్టబోయింది. అమ్మేయమని అందరూ చెప్పినా నాన్న వినలేదు. రేకు సాపు చేయించి, అదే రంగు కలిపించి వేయించారు. అప్పటికే బజాజ్ కంపెనీ స్కూటర్ల తయారీ మానేసి దాదాపు ఐదేళ్ళు.

పెళ్ళి అయిన వారం తర్వాత విశాఖలోని అల్లిపురంలో నాన్న నమ్మే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను ఆయనను. సైలెన్సర్ విప్పి చూపించారు. లోపల కార్బన్ గట్టిపడి రంధ్రం సగం మూసుకుపోయి ఉంది. ప్లగ్గు మార్చారు, క్లచ్ వైరు మార్చారు, కాళ్ళు పెట్టుకునే చోట రేకును తుప్పు తినేస్తే అతుకు వేశారు. "మీది సముద్రం పక్క ఇల్లమ్మా, ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. రాత్రిపూట కవరు కప్పినా లోపల చెమ్మ పడుతుంది, కప్పకపోయినా పడుతుంది" అన్నారు. లాసన్స్ బే కాలనీలో ఉండేవాళ్ళకు ఆయన చెప్పక్కరలేదు, కిటికీ ఊచలే చెబుతాయి.

మూడు నెలలు దాని మీదే ఆఫీసుకు వెళ్ళాను. పెదవాల్తేరు, చినవాల్తేరు దాటి, విశ్వవిద్యాలయం పక్క నుంచి సిరిపురం దాకా. పొద్దున్నే బండిని ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, చోక్ లాగి, కిక్కు కొట్టడంలో ఒక పని చేసిన తృప్తి ఉంది. ఎడమ చేత్తో క్లచ్ పట్టి మణికట్టు తిప్పితే గేరు పడే ఆ టక్కుమనే శబ్దం అరచేతికి తెలుస్తుంది. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిలు కొలిచి పోయాలి. నాకు ఇవన్నీ ఇష్టంగానే ఉండేవి. సిగ్నల్ దగ్గర పక్క బండి మీద పెద్దాయన ఒకరు, "మాకూ ఉండేదమ్మా" అనేవారు. ఆ మూడు నెలల్లో ఆ మాట కనీసం పదిమంది నోట విన్నాను. అలా అన్న ప్రతివారి ముఖం ఒక్క క్షణం వెలిగేది. దానికి విలువ లేదని నేను అనను.

ఆ తర్వాత ఒక రోజు చినవాల్తేరు దగ్గర ఎత్తు ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగాను. నా వెనక ఆనుకుని బడిపిల్లల ఆటో. వెళ్ళే దారి దొరికి యాక్సిలరేటర్ తిప్పి, అద్దంలో చూశాను. నా సైలెన్సర్ నుంచి వచ్చిన నీలపు పొగ నేరుగా ఆటోలోకి పోతోంది. అంచున కూర్చున్న పిల్ల, ఏడెనిమిదేళ్ళుంటాయేమో, చేతిలో ఉన్న నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని, తన చేతిరుమాలు తీసి ముందు పక్కనున్న తమ్ముడి ముక్కు మూసింది. ఆ తర్వాత తన ముఖం అటు తిప్పుకుంది. ఎవరినీ తిట్టలేదు, నా వైపు చూడనైనా లేదు. అది ఆ పిల్లకు రోజూ అలవాటైన పనిలా ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బండి ఆపాక, మళ్ళీ రోజువారీ పనికి దాన్ని బయటికి తీయలేకపోయాను.

టూ స్ట్రోక్ ఇంజన్ పని చేసే తీరులోనే ఆ పొగ ఉంది. కాలిన వాయువు బయటికి పోయే దారీ, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారీ ఒకేసారి కాసేపు తెరుచుకుని ఉంటాయి. వచ్చిన పెట్రోలులో కొంత కాలకుండానే బయటికి పోతుంది. ఇంజన్‌కు నునుపు కోసం పోసే ఆయిలు పెట్రోలుతో పాటే కాలుతుంది. ఎంత మంచి మెకానిక్కు ఉన్నా, ఎన్నిసార్లు కార్బన్ గీకించినా తగ్గుతుందే తప్ప పోదు. పొగ పరీక్షలో బండి నెగ్గింది, కాగితం నా దగ్గరే ఉంది. కానీ ఆ కాగితం ఆ పిల్ల ముక్కుకు అడ్డం పెట్టడానికి పనికిరాదు.

అప్పుడే నాకు చీరకూ స్కూటరుకూ ఉన్న తేడా స్పష్టంగా కనిపించింది. నా చీర ఎంత పాతదైనా దాని పాతదనాన్ని మోసేది నేను. చిరిగితే నేనే కుట్టించుకుంటాను, వెలిస్తే నాకే వెలుస్తుంది. ఇంజన్ పాతదనాన్ని మోసేది వెనక వచ్చేవాళ్ళు. నా ఇష్టానికి ఖర్చు వాళ్ళ ఊపిరితిత్తులు పెట్టుకోవాలి. ఇష్టం అనే ఒకే మాటతో రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

ఇంకోవైపు నుంచి

నా మిత్రుడు ఒకరికి ఇది నచ్చలేదు. ఆయన దగ్గర మైసూరులో తయారైన యెజ్డీ మోటారు సైకిలు ఉంది, ప్రాణప్రదంగా చూసుకుంటారు. "కొత్త బండి తయారు చేయడానికి ఎంత ఇనుము, ఎంత ప్లాస్టిక్, ఎంత బొగ్గు? ఉన్నదాన్ని వాడుకుంటే అదంతా మిగులుతుంది కదా. మీరు చీరల గురించి చెప్పేది ఇదే కదా?" అని అడిగారు. దీన్ని కొట్టిపారేయలేను. బాగుచేసి వాడుకోవాలన్నది నా మాటే. ఆదివారం పూట పది కిలోమీటర్లు తిరిగే పాత మోటారు సైకిలు ఊరినేమీ ముంచేయదు కూడా. అలాంటి వాళ్ళు లేకపోతే ఆ యంత్రాలను విప్పి బిగించే విద్య ఈ ఊళ్ళో ఎప్పుడో అంతరించేది. అల్లిపురం బాబాయ్ తన దగ్గర చేరే కుర్రాళ్ళకు కార్బ్యురేటర్ నేర్పడం మానేసి చాలా రోజులైందట. నేర్చుకుంటామనేవాళ్ళు లేరు.

అయినా నా ప్రశ్న రోజువారీ ప్రయాణం గురించి. ఆ విషయంలో మన ప్రభుత్వ నిబంధనలే ఆసక్తికరమైన మాట చెబుతున్నాయి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నమోదుకు వేరుగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర వాహనాలకూ కార్లకూ ఇది వర్తిస్తుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరు పలక మీద వీఏ అనే అక్షరాలు ఉంటాయి. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని మామూలు రాకపోకలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. అంటే చట్టం దృష్టిలో వింటేజ్ కావడమంటే రోజువారీ జీవితంలోంచి తప్పుకోవడమే. నాకు పాత వస్తువుల మీద ప్రేమంతా అవి రోజూ వాడుకలో ఉంటాయనే. గాజు బీరువాలో పెట్టిన చీర మీద నాకు మోజు లేదు. అయినా ఇంజన్ల వరకూ చట్టం చెప్పిందే సబబుగా తోచింది.

పాత రూపంలో వచ్చే కొత్త బండ్ల సంగతి ఒక మాట. చేతక్ పేరుతోనే 2020లో కరెంటు స్కూటరు వచ్చింది, లోహపు ఒళ్ళు, గుండ్రటి దీపం. నడిపి చూశాను, హాయిగా ఉంది. ఎలాగూ కొత్త స్కూటరు కొనాల్సిన వాళ్ళకు అది మంచి బండే. కానీ నాకు అవసరం లేని బండిని చీరకు నప్పుతుందని కొంటే, అది నగ కొనడం అవుతుంది. ఖరీదైన నగ.

ఆ బట్టలు ఏ దారుల్లో పుట్టాయి

తాతయ్య హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. జ్ఞానాపురం నుంచి సింధియాకు రోజూ సైకిలు మీద వెళ్ళివచ్చేవారు. అప్పటి ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. నల్లటి సైకిలు, రాడ్ బ్రేకులు, క్యారియర్‌కు పాత ట్యూబు ముక్కతో కట్టిన టిఫిన్ క్యారేజీ. తెల్ల చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, ప్యాంటు కాళ్ళు చైనులో పడకుండా చీలమండల దగ్గర క్లిప్పులు. ఈ ఫొటోను నేను ఏళ్ళ తరబడి బట్టల కోసమే చూశాను. మడిచిన చేతులు ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాను. చేతక్ పక్కన పెట్టిన వారంలో మళ్ళీ చూసినప్పుడు మొదటిసారి తట్టింది: ఆ చేతులు అందం కోసం మడవలేదు, తొక్కుతుంటే చెమట పడుతుందని మడిచారు. ఆ చొక్కా వదులుగా ఉన్నది హ్యాండిల్ మీదికి వంగడానికి. అమ్మ చీరలు ముతకగా ఉన్నది అవి బస్సులో నలిగి, ఎండలో నడిచి, మర్నాటికి ఉతికి మళ్ళీ కట్టుకోవలసినవి కాబట్టి. పొందూరు నేతనే తీసుకోండి. వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకి, చేత్తో వడికిన ఆ సన్నటి నూలులోంచి గాలి ఎంత చక్కగా ఆడుతుందో మన విశాఖ ఉక్కపోతలో కట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఏసీ కారులో కూర్చుంటే దాని గొప్పతనం తెలుసుకునే వీలే లేదు.

మా అక్క కూతురికి ఆ రోజు కంట్లో నలుసులా తగిలింది ఇదేననుకుంటాను. నాకు సరిపోయే పాత బండి లేకపోవడం కాదు, ఆ బట్టలకు కావలసిన ఎండా గాలీ లేకపోవడం. నేను ఆ కాలపు ఇంజన్ తెచ్చుకోవడం కంటే ఆ కాలపు నడక తెచ్చుకోవడం సరైనది. నడక, సైకిలు, బస్సు.

ఇక్కడ నన్ను నేనే ఒక చోట ఆపుకున్నాను. ఆ కాలపు నడక అంటే నాయనమ్మది ఏమిటి? ఆవిడ జీవితంలో సైకిలు ముట్టుకోలేదు, ముట్టుకోనిచ్చేవాళ్ళు లేరు. కురుపాం మార్కెట్‌కు నడిచి వెళ్ళేవారు, బరువు ఎక్కువైతే రిక్షా. చీరకు నప్పడం ఒక్కటే కొలత అయితే మనిషి లాగే రిక్షాను మించింది లేదు. ముసలి మనిషి ఎత్తు దగ్గర దిగి, నరాలు తేలిన చేతులతో లాగుతుంటే పైన చీర సర్దుకుని కూర్చోవడం నాకు అక్కర్లేదు. గతంలోంచి అన్నీ ఏరుకోను. తాతయ్యకు దొరికి నాయనమ్మకు దొరకని సైకిలును మాత్రం తీసుకుంటాను.

వాల్తేరు ఎత్తు

పూర్ణా మార్కెట్ వైపు ఒక దుకాణంలో పాత లేడీస్ సైకిలు దొరికింది. చైనుకు నిండు కవరు, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా అల్లిన వల, హ్యాండిల్ మీద పెట్టిన బెల్లు కూడా ఇత్తడిది. కొత్త టైర్లు, కొత్త బ్రేకు రబ్బర్లు వేయించాను. చీర కుచ్చిళ్ళు ఒక అంగుళం పైకి కట్టి, పైట నడుముకు దోపుకుంటే ఇబ్బంది లేదు. మొదట్లో కుచ్చిళ్ళకు పిన్నీసు పెట్టేదాన్ని, ఇప్పుడు అదీ అక్కర్లేదు.

ఎత్తు సంగతి దాచను. సముద్రం వైపు నుంచి సిరిపురానికి వెళ్ళేవాళ్ళకు ఎక్కుడు తప్పదు. గేర్లు లేని సైకిలు మీద చీరతో ఆ ఎత్తు మొత్తం తొక్కగలగడం నాకు రాలేదు, వస్తుందని కూడా అనుకోవడం లేదు. సగంలో దిగి నడిపించుకుంటాను. అలా నడిపించడం మొదలుపెట్టాకే చినవాల్తేరులో ఒక ప్రహరీ మీదుగా వాలిన పొగడచెట్టు ఉందని తెలిసింది. ఏళ్ళుగా ఆ దారినే తిరిగాను. ఆఫీసుకు పది నిమిషాలు ముందు చేరి, ముఖం కడుక్కుని, ఫ్యాను కింద కూర్చుంటాను. ఖద్దరు ఆరిపోతుంది. మే నెలలోనూ, వాయుగుండం పట్టిన రోజుల్లోనూ సైకిలు తీయను. వారంలో మూడు రోజులు కుదిరితే చాలు.

భయం కూడా దాచను. ఈ ఊళ్ళో సైకిలుకంటూ ప్రత్యేకంగా దారి వదిలిన రోడ్లు నా ప్రయాణంలో లేవు. లారీ పక్కగా వెళ్ళినప్పుడు హ్యాండిల్ వణుకుతుంది. పాతకాలపు కట్టు మీద మోజున్న కొందరు స్కూటరు మీద గిన్నెలాంటి సగం టోపీ పెట్టుకుంటారు, పాత ఫొటోలలో లాగా ఉంటుందని. ఈ ఒక్క విషయంలో నేను ఏ మాత్రం మొహమాటపడను. తల పగిలితే ఏ కాలపు అందమూ మిగలదు. సైకిలు మీద కూడా హెల్మెట్ పెట్టుకుంటాను, నుదుటి బొట్టు చెదిరినా సరే.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఒక అట్లాస్ సైకిలు ఉంది. మొదటి వారం నన్ను చూసి, "మీకు ఎందుకమ్మా ఈ కష్టం, స్కూటరు ఉంది కదా" అన్నారు. ఆయనకు అది తప్పని వాహనం, నాకు కోరుకున్న వాహనం. ఈ తేడాను నేను మరిచిపోతే నా ఇష్టం అబద్ధం అవుతుంది. ఆయన కూతురు స్కూటీ కొనుక్కోవాలని డబ్బు దాచుకుంటోంది. ఆ అమ్మాయికి నేను సైకిలు గొప్పతనం చెప్పబోను. కానీ నాలాంటి వాళ్ళు పదిమంది సైకిలు మీద వస్తేనైనా ఆ లారీ డ్రైవరు కాస్త పక్కకు జరుగుతాడని, అందువల్ల వాచ్‌మన్‌కూ మేలేనని నమ్ముతున్నాను.

900కె

దూరాలకు బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అప్పటి నుంచి జనం పెరిగారు, నిలబడాల్సి వస్తుంది, చెమట, తోపులాట. ఇవన్నీ నిజమే. మా ఆఫీసులో ఒక చెల్లెలు లాంటి అమ్మాయి, "అక్కా, అంత మంచి చీర కట్టుకుని ఆ తొక్కిసలాటలోకా!" అని బాధపడుతుంది. అంత మంచి చీర ఎందుకు మంచిదో పైన చెప్పాను.

మొన్న భీమిలికి మళ్ళీ వెళ్ళవలసి వచ్చి, 900కె నంబరు బస్సు ఎక్కాను. రుషికొండ దాటాక సీటు దొరికింది. తిమ్మాపురం దగ్గర ఎక్కిన పెద్దావిడ పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా నా పైట కొంగు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూసింది. "పొందూరు." ప్రశ్న కాదు, తీర్పు. అవునన్నాను. "మా అమ్మ వడికేది" అని, బొటనవేలితో చూపుడువేలు రుద్దుతూ నూలు తీసే తీరు గాలిలో చూపించింది. ఆ చెయ్యి చాలాసేపు అలా ఆడుతూనే ఉంది. మంగమారిపేట వచ్చేసరికి గంజి ఎలా పెట్టాలో, ఎంత పలుచగా ఉండాలో, ఎండలో ఎందుకు ఆరేయకూడదో అన్నీ చెప్పింది. నేను ఇన్నేళ్ళుగా గంజి చిక్కగా పెడుతున్నాను. ఆ కారులో వెళ్ళి ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక చేతక్. నాన్నకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఫోను చేసినప్పుడల్లా బండి స్టార్ట్ చేశావా అని అడుగుతారు. ప్రతి ఆదివారం తెల్లవారకముందే, వీధిలో ఎవరూ లేనప్పుడు తీసి, కాలనీ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి పెడుతున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా అది కవరు కిందే ఉంటుందని ఆయనకు ఇంకా చెప్పలేదు. 2027లో రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. 20 ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలకు ఆ రుసుము ఇప్పుడు 2,000 రూపాయలు. కట్టేస్తాను. ఈలోగా ఆ రేకు అతుకు దగ్గర మళ్ళీ తుప్పు పొక్కులు లేస్తున్నాయి, వచ్చే వారం అల్లిపురం తీసుకెళ్ళాలి.